నీళ్లలో ఒళ్లు తేలుతుంది, చెవి తేలదు: నాడీవ్యవస్థ పరిశోధనకు వ్యోమగాములు సిద్ధమయ్యే తీరు

మీరు అడిగినవి రెండు. రుషికొండలో స్కూబా నేర్చుకున్నారు కాబట్టి, నీళ్లలో తేలుతున్న మనిషి మీద సమతౌల్య పరీక్షలు చేసి, దాన్ని భారరహిత స్థితికి నమూనాగా ఫిజియాలజీ పీజీ థీసిస్‌లో చూపించవచ్చా అన్నది మొదటిది. నాడీవ్యవస్థ మీద అంతరిక్షంలో పరిశోధన చేయబోయే వ్యోమగాములు ఏం చేసి సిద్ధమవుతారు, అందులో విశాఖలో కూర్చుని చేయగలిగింది ఏమైనా ఉందా అన్నది రెండోది. మొదటిదానికి జవాబు: కుదరదు. ఎందుకు కుదరదో పట్టుకుంటే రెండోదానికి సగం జవాబు దొరికినట్టే.

లోపలి చెవిలో యుట్రికిల్, శాక్యూల్ అని రెండు చిన్న సంచులుంటాయి. వాటిలో రోమ కణాలు, వాటి మీద జిగురు పొర, ఆ పొర మీద కాల్షియం కార్బొనేట్ స్ఫటికాలు. ఇవే ఒటోలిత్‌లు. తల వంచితే స్ఫటికాల బరువుకు పొర జారి రోమాలు వంగుతాయి, మెదడుకు కబురు వెళుతుంది. మీరు కొలనులో తేలుతున్నా, సముద్రంలో పది మీటర్ల లోతున ఉన్నా, ఆ స్ఫటికాల మీద భూమి లాగుడు అణువంత కూడా తగ్గదు. కళ్లు మూసుకుని నీళ్లలో తలకిందులైన డైవర్‌కు తాను తలకిందులయ్యానని చెవి చెబుతూనే ఉంటుంది. హ్యూస్టన్‌లో వ్యోమగాములకున్న నాసా శిక్షణ కొలను 62 మీటర్ల పొడవు, 31 మీటర్ల వెడల్పు, 12 మీటర్ల లోతు. అంత పెద్ద కొలను కట్టింది స్పేస్‌వాక్‌లో చేతిపని నేర్పడానికి. ఏ కడ్డీ పట్టుకోవాలి, ఏ బోల్టు ఎన్ని చుట్లు తిప్పాలి, పరికరం చేయి జారితే ఎటు పోతుంది, ఇవీ అక్కడి పాఠాలు. చెవి శిక్షణ కాదది.

కక్ష్యలో జరిగేది వేరు. ఒటోలిత్‌కు ఒక పుట్టు బలహీనత ఉంది. తల వెనక్కి వాలడానికీ, ఒళ్లు ముందుకు ఊపందుకోవడానికీ అది తేడా చెప్పలేదు. కళ్లు మూసుకుని కూర్చున్నప్పుడు బస్సు ఒక్కసారిగా వేగం అందుకుంటే సీటు వెనక్కి వాలినట్టు అనిపించేది అందుకే. భూమి మీద మెదడు ఈ చిక్కును అర్ధవలయ నాళాలు (లోపలి చెవిలోనే ఉండి, తల తిరగడాన్ని పసిగట్టేవి), కళ్లు, మెడ కండరాలు, అరికాళ్ల ఒత్తిడి అన్నీ కలిపి విప్పుకుంటుంది. కక్ష్యలో తల ఎంత వంచినా స్ఫటికాలు కదలవు. గోడను తన్ని ముందుకు పోతే మాత్రం కదులుతాయి. అర్ధవలయ నాళాలు మామూలుగానే పనిచేస్తాయి, కళ్లు మామూలుగానే చూస్తాయి. తల వంగిందని నాళాలు చెబుతాయి, వంగలేదని ఒటోలిత్ చెబుతుంది. ఈ తగువు తేలేదాకా వికారం, వాంతులు. 1961 ఆగస్టులో వోస్టోక్-2లో ఒక రోజుకు పైగా ఉన్న సోవియట్ వ్యోమగామి గెర్మన్ టిటోవ్ దీన్ని మొదట అనుభవించాడు. ఇప్పటికీ వ్యోమగాముల్లో సుమారు మూడింట రెండు వంతుల మందికి మొదటి రెండు మూడు రోజులు ఏదో ఒక స్థాయిలో ఈ బాధ తప్పదు.

ఇక్కడో విషయం చాలామంది పొరపాటుగా అర్థం చేసుకుంటారు. భూమి మీద తిరిగే కుర్చీలో ఎవరికి ముందు వాంతి వస్తుందో చూసి, అంతరిక్షంలో ఎవరికి వస్తుందో చెప్పలేం. రెండింటికీ పొంతన చాలా తక్కువ. 1973లో అమెరికా అంతరిక్ష కేంద్రం స్కైలాబ్‌లో తిరిగే కుర్చీ పెట్టి చూశారు. కక్ష్యకు అలవాటు పడ్డాక, భూమి మీద అదే కుర్చీలో తల వంచితే డోకు వచ్చిన మనుషులకు అక్కడ ఏమీ కాలేదు. బెంగళూరులోని వాయుసేన ఏరోస్పేస్ మెడిసిన్ సంస్థలో అయినా, రష్యాలో వ్యోమగాములకు శిక్షణ ఇచ్చే గగారిన్ కేంద్రంలో అయినా కుర్చీ ఇంకా ఎందుకుంది అంటారా? వికారం మొదలయ్యే ముందు తన ఒంటిలో వచ్చే సూచనలు (నోట్లో నీళ్లూరడం, నుదుటి మీద చల్లటి చెమట, ఆవలింతలు) ఎవరికి వారు గుర్తుపట్టడం నేర్చుకోవడానికి. పరిశోధకుడిగా వెళ్లేవాడికి ఇది ఇంకా అవసరం. వికారం ఏ నిమిషానికి మొదలైందో అతను సరిగ్గా రాయకపోతే ఆ రోజు కొలతలన్నీ అనుమానమే.

నీళ్లను పూర్తిగా తీసిపారేయక్కర్లేదు. మాస్కోలో ఇనెస్సా కొజ్లోవ్‌స్కాయా బృందం ఎన్నో ఏళ్లు వాడిన డ్రై ఇమ్మర్షన్ అనే పద్ధతి ఉంది. 33 డిగ్రీల సెల్సియస్ దగ్గర్లో ఉండే నీళ్ల తొట్టి మీద వదులుగా పెద్ద వాటర్‌ప్రూఫ్ గుడ్డ పరిచి, మనిషిని దానిలో మునిగేలా పడుకోబెడతారు. ఒళ్లు తడవదు, కానీ ఒంటికి ఆనుడు ఎక్కడా ఉండదు. అరికాళ్లకు నేల తగలకపోతే పిక్కలోని సోలియస్ కండరం బిగువు త్వరగా సడలిపోతుంది. వెన్నుపాము స్థాయిలో ఏ మోటారు యూనిట్లు (ఒక నాడీకణం, అది నడిపే కండర పోగులు) ముందు పని అందుకుంటాయన్నది మారుతుంది. అంటే ప్రశ్న ‘అరికాలు, పిక్క, వెన్నుపాము’ అయితే నీళ్లు మంచి నమూనా. ప్రశ్న ‘చెవి’ అయితే కాదు. థీసిస్ టైటిల్ పెట్టేముందు మీరు తేల్చుకోవాల్సింది ఇదే.

చెవి మీద నిజంగా భారం తీసేది, భూమికి దగ్గర్లో, పారాబోలా విమానం ఒక్కటే. అది విల్లు వంపులో పైకి లేచి కిందికి దిగుతుంటే లోపలివాళ్లు కొద్ది సెకన్లు తేలతారు, ఆ వంపే పారాబోలా. ఫ్రాన్సులోని బోర్డో నుంచి ఎగిరే ఎయిర్‌బస్ ఏ310లో ఒక్కో విడతకు 31 పారాబోలాలు, ఒక్కోదానిలో సుమారు 22 సెకన్లు. మొత్తం కూడితే పదకొండున్నర నిమిషాల లోపే. అది చాలకపోగా, ప్రతి 22 సెకన్లకు ముందూ వెనకా ఇరవయ్యేసి సెకన్లు 1.8 రెట్ల భారం పడుతుంది. మీరు కొలిచేది సున్నా భారం ప్రభావమా, అంతకుముందే పడ్డ 1.8 ప్రభావమా అన్న ప్రశ్న ప్రతి పేపరుకూ వస్తుంది. అందుకే ఒక పారాబోలాకు ఒకే పని పెట్టుకుంటారు. భారం పెరిగే దశలో తల కదపకుండా ఉంటారు. మొదటిది కేవలం సర్దుకోవడానికి వదిలేస్తారు. ఎలక్ట్రోడు తీగ ఊడింది అని గుర్తించేలోపు రెండు పారాబోలాలు అయిపోతాయి, కాబట్టి తీగలన్నీ ఒంటికి టేపు వేసి, ఒక వంపు వదులు ఉంచి, నేల మీదే లాగి చూసుకుంటారు.

ఇక అసలు సన్నాహం. ఇలాంటి పరిశోధనలో వ్యోమగామి రెండు వేషాలు వేస్తాడు. ప్రయోగం చేసేది అతనే, ప్రయోగం జరిగేది అతని మీదే. 1998 ఏప్రిల్ 17న కొలంబియా షటిల్‌లో వెళ్లి మే 3న దిగిన న్యూరోల్యాబ్ యాత్ర పూర్తిగా నాడీవ్యవస్థ కోసమే వెళ్లింది. 26 ప్రయోగాలు, ఏడుగురు సిబ్బంది. వాళ్లలో డేవ్ విలియమ్స్ వైద్యుడు, రిక్ లినెహాన్ పశువైద్యుడు, జే బకీ, జేమ్స్ పావెల్‌జిక్ పరిశోధకులు. బదులు మనుషులుగా చియాకి ముకాయ్, అలెగ్జాండర్ డన్‌లాప్ కూడా అదే శిక్షణ మొత్తం పొందారు. మానవ ప్రయోగాలకు ఒళ్లు అప్పగించింది కొద్దిమందే. ఇంత తక్కువ మందితో సగటు తీస్తే దానికి అర్థం లేదు. ప్రతి మనిషికీ అతని పాత కొలతే పోలిక. ఆ పాత కొలతనే బేస్‌లైన్ అంటారు. సన్నాహంలో ఎక్కువ సమయం మింగేది అదే.

బేస్‌లైన్ ఒక్కసారి తీస్తే చాలదా? చాలదు. ఏ సమతౌల్య పరీక్ష అయినా రెండోసారికి మెరుగవుతుంది, మూడోసారికి ఇంకొంచెం మెరుగవుతుంది. అది నేర్పు, ఆరోగ్యం కాదు. లాంచ్‌కు ముందు ఒక్కసారే కొలిచి, తిరిగొచ్చాక కొలిస్తే, నేర్పు వల్ల వచ్చిన లాభం అంతరిక్షం వల్ల వచ్చిన నష్టాన్ని కప్పేస్తుంది. అందుకే నెలల ముందు నుంచే దఫాలు దఫాలుగా, గ్రాఫు చదును అయ్యేదాకా తీస్తారు. వాళ్ల భాషలో ఎల్-మైనస్ 90, ఎల్-మైనస్ 30 అంటే లాంచ్‌కు అన్ని రోజుల ముందని. ఆర్-ప్లస్ 0, ఆర్-ప్లస్ 1 అంటే తిరిగొచ్చిన రోజు, మర్నాడు. పరీక్ష చేసే గది, దీపాల వెలుతురు, కుర్చీ ఎత్తు, సూచనలు చదివే మాటలు కూడా ప్రతిసారీ ఒకటే ఉండాలి. ‘నిటారుగా నిలబడండి’ అనడానికీ ‘వీలైనంత కదలకుండా నిలబడండి’ అనడానికీ ఊగిసలాట లెక్కలో తేడా వస్తుంది. సూచనలు కాగితం మీద రాసి చూసి చదవడం చాదస్తం కాదు.

శిక్షణలో అన్నిటికంటే కష్టమైనది మైక్రోన్యూరోగ్రఫీ. న్యూరోల్యాబ్‌లో దీన్ని మొదటిసారి అంతరిక్షంలో చేశారు. మోకాలి కింద, బయటి వైపు, ఫిబులా ఎముక తల దగ్గర పెరోనియల్ నాడి చర్మానికి దగ్గరగా పోతుంది. దానిలోకి 0.2 మిల్లీమీటర్ల మందం, మొన దగ్గర కొన్ని మైక్రాన్లే ఉండే టంగ్‌స్టన్ సూది దింపి, రక్తనాళాల బిగువును నడిపే సింపతెటిక్ నాడీ తంతువుల చప్పుడు వింటారు. నిజంగా వింటారు, స్పీకరులో. ముందు చర్మం పైనుంచి కొద్దిపాటి విద్యుత్తుతో నాడి దారి వెతికి, పాదం ఎక్కడ ఎగిరిపడుతుందో గుర్తు పెడతారు. పోలిక కోసం పెట్టే రిఫరెన్స్ సూది రెండు మూడు సెంటీమీటర్ల దూరంలో. తర్వాత అసలు సూదిని అరమిల్లీమీటరు కంటే తక్కువగా కదుపుతూ వెతుకులాట. దొరికింది కండరానికి పోయే సింపతెటిక్ తంతువే అని తేల్చడానికి గుర్తులున్నాయి: చప్పుడు గుండె కొట్టుకునే లయతో గుంపులుగా రావాలి, ఊపిరి బిగబడితే పెరగాలి, చర్మం నిమిరితే గానీ ఉన్నట్టుండి చప్పట్లు కొట్టి ఉలిక్కిపడేలా చేస్తే గానీ పెరగకూడదు. ఉలికిపాటుకు పెరిగిందంటే అది చర్మానికి పోయే తంతువు, సూది మళ్లీ జరపాలి. గంట దాటి వెతక్కూడదు. నాడిని గుచ్చిగుచ్చి వదిలితే కొన్ని రోజులు తిమ్మిరి మిగులుతుంది.

ఇదంతా తేలుతూ చేయాలి. నేల మీద డాక్టరు మోచేయి బల్లకు ఆనించి చేయి స్థిరపరచుకుంటాడు, తన బరువే అతనికి ఆసరా. అక్కడ ఆ ఆసరా లేదు. పాదాలు పట్టీలో ఇరికించి, మణికట్టును రోగి కాలికే ఆనించి పనిచేయాలి. కాలును ముందే కట్టేయాలి. చేయి వదిలిన సూది కింద పడదు, గదిలో తేలుతూ ఎవరి కంట్లోకి పోతుందో తెలియదు, కాబట్టి వాడిన ప్రతి సూదికీ లెక్క, డబ్బా. వెళ్లేముందు చాలామంది అనుకున్నది, కక్ష్యలో రక్తం తలవైపు ఎక్కుతుంది కాబట్టి సింపతెటిక్ చప్పుడు తగ్గుతుందని. తీరా వింటే తగ్గలేదు, నేల మీదకంటే కొంచెం ఎక్కువే ఉంది. దిగాక లేచి నిలబడితే కళ్లు తిరిగే సమస్యకు ‘నాడులు బద్ధకించాయి’ అన్న సులువైన వివరణ అలా నిలబడలేదు.

బంతి పట్టే ప్రయోగం చూడటానికి పిల్లల ఆట. పైనుంచి స్థిరమైన వేగంతో బంతి వదులుతారు, కింద కూర్చున్నవాడు పట్టుకోవాలి, చేతి కండరాలకు ఎలక్ట్రోడ్లు. నేల మీద మనం కంటితో కొలిచి పట్టుకుంటాం అనుకుంటాం. నిజానికి ‘కిందికి వచ్చేది వేగం పుంజుకుంటుంది’ అన్న లెక్క మెదడులో ముందే ఉంది. కక్ష్యలో బంతి వేగం పుంజుకోదు, అయినా చేతి కండరాలు తొందరపడి ముందే బిగుసుకున్నాయి. కొన్ని రోజులకు సర్దుకున్నాయి గానీ, రెండు వారాలకు కూడా పాత లెక్క పూర్తిగా చెరిగిపోలేదు. ఇలాంటి ప్రయోగానికి సన్నాహంలో కీలకం బంతి వదిలే యంత్రం. నేల మీదా కక్ష్యలోనూ బంతి ఒకే వేగంతో బయలుదేరుతోందో లేదో కొలిచి చూడకపోతే, తేడా మెదడుదా స్ప్రింగుదా తేలదు.

జంతువుల పని మీరు అడగలేదు, కానీ ఒక్క సంగతి చెప్పాలి. ఆ యాత్రలో ఎలుక పిల్లలు, చుంచులు, చేపలు, నత్తలు, కీచురాళ్లు ఉన్నాయి. లాంచ్‌నాటికి 8 రోజులు, 14 రోజులు నిండిన ఎలుక పిల్లలు నడక నేర్చే వయసును భారం లేకుండా గడిపితే ఏమవుతుందో చూడటం ఒక ఉద్దేశం. అనుకున్నదానికంటే చాలా ఎక్కువ పిల్లలు చనిపోయాయి. నేల మీద తల్లి దగ్గరికి పాకే పిల్లకు అక్కడ ఆనడానికి నేల లేదు, తల్లికి పిల్లల్ని ఒకచోట చేర్చుకోవడం కుదరదు. ప్రయోగం అలా దెబ్బతింది. టోడ్‌ఫిష్ అనే చేప మాత్రం గొప్ప జవాబిచ్చింది. తిరిగొచ్చిన తొలిరోజు దాని ఒటోలిత్ నాడి మామూలుకంటే సగటున మూడు రెట్లు తీవ్రంగా స్పందించింది. సుమారు 30 గంటలకు మామూలుకు వచ్చేసింది. అంటే దిగిన మొదటి గంటల్లో కొలవకపోతే అసలు విషయం జారిపోతుంది. ఈ 30 గంటల లెక్క గుర్తుంచుకోండి, చివర్లో విశాఖ దగ్గర మళ్లీ అక్కరకొస్తుంది.

నిద్ర సంగతి క్లుప్తంగా. కక్ష్యలో సుమారు గంటన్నరకోసారి సూర్యోదయం, రోజుకు పదహారు. లాంచ్ సమయానికి నిద్రవేళ కలవకపోతే, క్వారంటైన్‌లోనే 10,000 లక్స్ దాకా ప్రకాశమైన దీపాలతో నిద్రవేళను జరుపుతారు. న్యూరోల్యాబ్‌లో 0.3 మిల్లీగ్రాముల మెలటోనిన్‌ను ఉత్త మాత్రతో పోల్చి చూశారు, నిద్రకు పెద్దగా లాభం కనబడలేదు. ఈఈజీ (తలకు ఎలక్ట్రోడ్లు పెట్టి మెదడు విద్యుత్తును నమోదు చేయడం) తీసేవారికి మన దగ్గర ప్రత్యేకమైన ఇబ్బంది ఒకటుంది: కొబ్బరినూనె. తలకు నూనె రాసుకుని వచ్చినవారి దగ్గర ఎలక్ట్రోడ్ల అవరోధం 5 కిలోఓమ్‌ల కిందికి దిగదు. ముందురోజు షాంపూతో తలంటు, ఆ తర్వాత ఏమీ రాయకూడదు. మే నెల విశాఖ ఉక్కలో ఏసీ లేని గదిలో చెమటకు ఈఈజీ గీత నెమ్మదిగా అలలా జారుతుంది, దాన్ని గాఢనిద్ర అలలని పొరబడేవాళ్లున్నారు.

ఇప్పుడు మీరు చేయగలిగినవి.

బకెట్ పరీక్ష మొదటిది, నిలువు ఏదో మనిషి ఎంత సరిగ్గా చెప్పగలడో చూసేది. ఖర్చు దాదాపు శూన్యం. 20 లీటర్ల పెయింటు బకెట్ ఖాళీది తీసుకోండి. లోపలంతా మెరవని నల్లరంగు. అడుగున ఉబ్బెత్తు అక్షరాలు, గీతలు ఉంటాయి, అవి కనబడితే పరీక్ష పాడు, కాబట్టి నల్ల చార్టు గుండ్రంగా కత్తిరించి అతికించి, దాని మధ్యలో నుంచి ఒకే ఒక నిలువు గీత లేత రంగులో గీయండి. బయట అడుగుకు కోణమానిని అతికించి, సున్నా ఆ గీతతో సరిపోయేలా పెట్టి, కేంద్రం నుంచి దారానికి చిన్న బరువు కట్టి వేలాడదీయండి. కూర్చున్న మనిషి మొహం బకెట్‌లో పెడతాడు, గీత తప్ప ఇంకేమీ కనబడకూడదు. మీరు బకెట్‌ను పక్కకు తిప్పి, నెమ్మదిగా వెనక్కి తెస్తుంటే, గీత నిలువుగా ఉందనిపించగానే ‘ఆపండి’ అంటాడు. దారం చూపిన అంకె రాయండి. పదిసార్లు, సగం కుడి నుంచి, సగం ఎడమ నుంచి, వరస కలిపేసి. ఆరోగ్యవంతులకు సగటు మూడు డిగ్రీల లోపే ఉంటుంది. మీకు అందరికీ ఒకే వైపు రెండు డిగ్రీలు వస్తుంటే చెవులను అనుమానించొద్దు, కోణమానిని వంకరగా అతికింది. తలను గడ్డం దగ్గర ఆనించాలి, లేకపోతే మనిషి తెలియకుండానే బకెట్ తిరిగిన వైపు తల వంచుతాడు. కక్ష్యలో ఈ పరీక్ష చేయరు, అక్కడ నిలువు అన్నదే లేదు. వెళ్లేముందు, వచ్చాక చేయదగ్గది.

రెండోది ఫోమ్ మీద నిలబడటం. నాలుగు స్థితులు: గచ్చు మీద కళ్లు తెరిచి, గచ్చు మీద మూసి, ఫోమ్ మీద తెరిచి, ఫోమ్ మీద మూసి. ఒక్కోటి 30 సెకన్లు, మూడేసి సార్లు. చేతులు భుజాల మీద కట్టుకోవాలి, వెనక ఒకరు పట్టుకోవడానికి సిద్ధంగా నిలబడాలి. ఫోమ్ 6 సెంటీమీటర్ల మందం, గట్టి రకం. పరుపుల దుకాణంలో దొరికే మెత్తటి ముక్క 80 కిలోల మనిషి కింద పూర్తిగా అణిగి గచ్చుతో సమానమవుతుంది, అప్పుడు ఫోమ్ పరీక్ష చేశామన్న భ్రమే మిగులుతుంది. చివరి స్థితిలో కూడా ఆరోగ్యవంతులైన కుర్రాళ్లు సులువుగా నెగ్గుతారు. తేడా బయటపెట్టాలంటే తలను పైకీ కిందికీ 20 డిగ్రీల చొప్పున, నిమిషానికి 20 ఊపులతో ఆడించమనండి. మెట్రోనోమ్ యాప్ చాలు. దిగిన వ్యోమగాముల్లో మామూలు పరీక్షకు బాగున్నట్టు కనబడ్డవాళ్లు కూడా తల ఆడించగానే పడిపోయారు. తల కదపకుండా నిలిచే పని మెదడు త్వరగానే సరిచేసుకుంటుంది, తల కదులుతుండగా నిలిచే పని ఆలస్యంగా. దీనికి తోడు కళ్లు మూసుకుని మడమకు బొటనవేలు ఆనిస్తూ పది అడుగుల నడక పెట్టండి. పక్కకు వేసిన అడుగు, 10 సెంటీమీటర్ల కంటే ఎక్కువ సందు వదిలిన అడుగు, 3 సెకన్లు మించి ఆగిన అడుగు, ఇవి తప్పు లెక్క.

మూడోది తల దిగువకు 6 డిగ్రీల పడక. రక్తం, కపాల ద్రవం తలవైపు జరిగే ప్రభావానికి ప్రపంచమంతా వాడే నమూనా ఇదే. జర్మనీలో కొలోన్‌లోని కేంద్రంలో అరవై రోజులు పడుకోబెడతారు, అక్కడ తిండి, స్నానం, మలమూత్రాలు అన్నీ ఆ వాలులోనే, ఎప్పుడూ ఒక భుజమైనా పరుపుకు ఆని ఉండాలి. మీరు కొన్ని గంటలకే పరిమితం కండి, అదీ కాలేజీ ఎథిక్స్ కమిటీ అనుమతి తీసుకుని, డాక్టరు పక్కన ఉండగా. లెక్క సులువు: మంచం తలవైపు కోళ్లకూ కాళ్లవైపు కోళ్లకూ మధ్య దూరం 190 సెంటీమీటర్లు అయితే కాళ్లవైపు 20 సెంటీమీటర్లు ఎత్తాలి. ఇటుకలతో ఎత్తితే ముందు ఇటుక మందం టేపుతో కొలవండి, బట్టీకో సైజు ఉంటుంది. పరుపు మధ్యలో కుంగితే మంచం 6 డిగ్రీలున్నా ఒళ్లు 3 డిగ్రీలే ఉంటుంది, కాబట్టి కోణం ఛాతీ కింద పలక పెట్టి కొలవాలి. దిండు వద్దు. మొదటి గంటల్లో ముక్కు దిబ్బడ, తలబరువు, నడుంనొప్పి సహజం. గ్లాకోమా, అధిక రక్తపోటు, రెటీనా సమస్యలు, కాళ్లలో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవారిని తీసుకోవద్దు. లేపేటప్పుడు ఒక్కసారిగా లేపొద్దు.

ఈ పడక కూడా చెవి మీద భారం తీయదని మర్చిపోవద్దు. ద్రవాల సంగతికి పడక, అరికాళ్లకు డ్రై ఇమ్మర్షన్, చెవికి విమానం, ఇలా ముక్కలు ముక్కలుగా తప్ప మొత్తం భారరహిత స్థితిని నేల మీద ఎవరూ తేలేరు. ఎంఆర్ఐలో దీర్ఘయాత్ర చేసినవారి మెదడు కపాలంలో కొంచెం పైకి జరిగినట్టు, పైభాగంలోని సెంట్రల్ సల్కస్ అనే గాడి ఇరుకైనట్టు 2017లో వచ్చిన అధ్యయనంలో కనబడింది. ఆ గాడి ఇరుకైంది 18 మందిలో 17 మందికి. అది ద్రవం పనా, భారం పనా విడదీయడానికి పడక వాడేవాళ్లున్నారు. ఇలాంటి చోట పడక బలమైన ఆయుధం.

విశాఖకు వస్తే, నా ఉద్దేశంలో మీ ఊరికి దొరికిన అసలు అవకాశం నేల మీద లేదు, సముద్రం మీద ఉంది. గగన్‌యాన్ మాడ్యూల్ దిగేది నీళ్లలోనే. మాడ్యూల్‌ను పైకి తీసే అభ్యాసం 2023 జూలైలో విశాఖ నేవల్ డాక్‌యార్డులో జరిగింది. 2024 డిసెంబరు 6న విశాఖ తీరానికి అవతల తూర్పు నౌకాదళంతో కలిసి వెల్ డెక్ పద్ధతిలో చేశారు: నౌక వెనక భాగంలోకి నీళ్లు రానిచ్చి, మాడ్యూల్‌ను తేలుతుండగానే లోపలికి లాగి, తర్వాత నీళ్లు తోడేయడం. సిబ్బంది కదలకుండా లోపలే కూర్చుని నౌకలోకి చేరతారు. రష్యా వ్యోమనౌక సోయజ్‌లో కజకిస్తాన్ గడ్డి నేలల మీద దిగినవారికి గుడారంలోనే కుర్చీ నుంచి లేవడం, పడుకుని లేవడం, గీత మీద నడవడం వంటి పరీక్షలు మొదటి గంటల్లోనే పెడతారు. నౌక మీద అవే పెడితే ఊగేది మనిషా, డెక్కా? టోడ్‌ఫిష్ చెప్పిన 30 గంటల్లో తొలి కొన్ని గంటలు అలా డెక్కు మీదే గడిచిపోతాయి. దిగేముందు రక్త పరిమాణం నిలపడానికి లీటరుకు 8, 9 గ్రాముల లెక్కన ఉప్పు మాత్రలు, నీళ్లు తాగి ఉంటారు, ఆపైన అలలు. కడుపులో నిలుస్తుందన్న నమ్మకం లేదు.

వారం పాటు వేటకెళ్లి ఫిషింగ్ హార్బరులో దిగిన జాలరికి ఇంటి గచ్చు ఊగుతున్నట్టు అనిపించడం మీ దగ్గర అందరికీ తెలిసిందే. ఆ ఊపు ఎన్ని గంటలుంటుంది, ఫోమ్ మీద తల ఆడించే పరీక్షలో ఎంత కనబడుతుంది, బకెట్ పరీక్షలో కనబడుతుందా లేదా, ఇది మీరు కొలవదగ్గ ప్రశ్న, థీసిస్‌కు సరిపడే ప్రశ్న. వేటకు వెళ్లేముందు రెండు మూడు దఫాల బేస్‌లైన్, దిగిన గంటలోపు ఒకటి, ఆరు గంటలకు ఒకటి, మర్నాడు ఒకటి. బోటు మీద కొలతలు తీయాలనుకుంటే రెండు యాక్సిలరోమీటర్లు పెట్టండి, ఒకటి మనిషి నడుముకు, ఒకటి పాదాల పక్కన చెక్కకు బిగించి. రెండూ ఒకే గడియారంతో నడవాలి, లేకపోతే మనిషి ఊపులోంచి పడవ ఊపు తీసివేయలేరు. హార్బరులో లంగరు వేసిన బోటు మీద తీసిన బేస్‌లైన్ బయట అలల మీద పనికిరాదు, ఊపు వేగమే వేరు. ఎవరైనా వికారానికి ప్రొమెథజీన్ గానీ, ఇంకే మాత్ర గానీ వేసుకుని ఉంటే వారి అంకెలు విడిగా ఉంచండి, అవి మందు అంకెలు. మాత్ర పేరు, వేసుకున్న సమయం పరీక్ష పేపరు మీద మొదటి గడిలోనే అడగండి. చివర్లో అడిగితే సగంమంది ‘ఏమీ వేసుకోలేదండీ’ అనేస్తారు.